ఒకే కేబుల్, రెండు కంప్యూటర్లు: జతలు విడదీయాలా, స్విచ్ పెట్టాలా?

మేడగది:
రౌటర్ కింద హాల్లో ఉంది. ఇల్లు కట్టినప్పుడు గోడ లోపలి పైపులో మేడ గదికి ఒక్క క్యాట్-5ఇ కేబులే వేయించాం. ఇప్పుడు అదే గదిలో మా అమ్మాయికీ కంప్యూటర్ వచ్చింది. రెండో కేబుల్ పైపు మలుపు దాటడం లేదు. అందులో రెండేసి మెలితిప్పి నాలుగు జతలుగా ఉన్న ఎనిమిది తీగల్లో నాలుగు ఖాళీయేనని, వాటితో రెండో లైను ఇస్తానని కేబుల్ పనివాడు అంటున్నాడు. మా తమ్ముడేమో స్విచ్ (ఒక నెట్ కేబుల్‌ను చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె) కొనమంటున్నాడు. నెట్ ప్లాను 200 ఎంబీపీఎస్. ఎవరి మాట వినాలి?

జంటతీగ:
కేబుల్ పనివాడు చెప్పింది నిజమే. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్‌కు (కేబుల్ నెట్‌వర్క్‌కు) ప్లగ్గులోని 1, 2, 3, 6 పిన్నులు చాలు. సాధారణంగా అవి నారింజ, ఆకుపచ్చ జతలు. నీలం, గోధుమ జతలను రెండు చివరలా వేరే ప్లగ్గుల్లో అవే స్థానాల్లో బిగిస్తే రెండో లైను సిద్ధం. కరెంటుతో పని లేదు. మా ఇంట్లో ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. నీలంలో ఒక తీగనూ గోధుమలో ఒక తీగనూ కలిపి మాత్రం జత చేయకండి, సంకేతాలు చెడిపోతాయి.

ల్యాబ్ నిర్వాహకురాలు:
జంటతీగ గారూ, అది పాత లెక్క. 1999లో వచ్చిన గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) ప్రమాణానికి నాలుగు జతలూ కావాలి. విడదీస్తే ఒక్కో కంప్యూటర్ 100 దగ్గరే ఆగిపోతుంది, 200 ప్లానుకు డబ్బు కట్టి ఏం లాభం? అసలు చిక్కు వేరే ఉంది. రౌటరూ కంప్యూటరూ గిగాబిట్‌వైతే ఏ వేగంతో మాట్లాడుకోవాలో బిగించి ఉన్న ఆ రెండు జతల మీదే తేల్చుకుని గిగాబిట్‌కు సరేననుకుంటాయి. తీరా మిగతా జతలు దొరకవు. కొన్ని నెట్‌వర్క్ కార్డులు తమంతట తామే 100కు దిగుతాయి, కొన్నింటికి లింకే రాదు. మా ల్యాబ్‌లో ఎవరో విడదీసిన ఒక కేబుల్ కోసం రెండు రోజులు వెతికాను. గోడ వెనక ఏం చేశారో ఎవరూ రాసి పెట్టలేదు. మేడ గదిలో ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టండి.

జంటతీగ:
రాసి పెట్టకపోవడం తప్పే. కానీ స్విచ్ పెడితే ఇద్దరూ ఒకే దారిలో నడవాలి. కరెంటు పోతే అదీ ఆగుతుంది.

ల్యాబ్ నిర్వాహకురాలు:
దారి వెయ్యి ఎంబీపీఎస్‌ది, వచ్చే నెట్ 200. ఇరుకెక్కడ? రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటే స్విచ్‌నూ దాని మీదే పెట్టవచ్చు. రెండు కంప్యూటర్లూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండి, 100 చాలనుకుంటే మాత్రం మీ పద్ధతికే నా ఓటు.

చూపరి:
ఒక మాట. జతలను విడదీసే వై ఆకారపు జాక్ ఒక్కటే కొని మేడ మీద తగిలించకండి. అది రెండు చివరలా ఉండాలి, రౌటర్‌లోనూ రెండు పోర్టులు కావాలి. ఒకవైపే పెడితే పని జరగదు.

మేడగది:
స్విచ్ తెచ్చాను, కానీ వేగం 94 దాటడం లేదు. గోడ సాకెట్ విప్పి చూస్తే నారింజ, ఆకుపచ్చ జతలే బిగించి ఉన్నాయి. మిగతా నాలుగు తీగలు వెనక్కి మడిచి ఉన్నాయి.

జంటతీగ:
అలాగైతే ముందు ఆ నాలుగూ బిగించండి, కింది చివర కూడా చూడండి. మీ ఇంటికి స్విచ్చే సరైనది, ఒప్పుకుంటున్నాను.