ఆసుపత్రిలో ఉన్న మేనమామ క్రెడిట్ కార్డు బాకీ: మేము కట్టాలా, ఆపాలా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు:

మా మేనమామ పక్షవాతంతో పొగతోటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు. స్పృహ ఉంది, చెప్పింది అర్థమవుతోంది, కానీ మాట స్పష్టంగా రావడం లేదు, కుడిచేయి కదలడం లేదు. ఆయన పేరిట ఉన్న క్రెడిట్ కార్డు మీద 80,000 రూపాయల బాకీ ఉంది, గడువు వచ్చే సోమవారం. ఆయన ఫోను ఎలా తెరవాలో అత్తయ్యకు తెలుసు కనుక, అందులోని బ్యాంకు యాప్ ద్వారా ఆయన పొదుపు ఖాతా నుంచే కట్టేద్దామని మా బావ అంటున్నాడు. మామయ్య లేచి కూర్చునేదాకా ఒక్క రూపాయి కూడా కట్టవద్దని, ఉన్న డబ్బంతా వైద్యానికే ఉంచాలని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట సబబో పెద్దలు చెప్పగలరు.

టంగుటూరు రైతుబిడ్డ:

మీ అన్నయ్య మాటే సబబు. ఏ తాకట్టూ లేకుండా ఆ కార్డును బ్యాంకు ఆయనను నమ్మి ఇచ్చింది, మిమ్మల్ని నమ్మి కాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో కొడుకుల మీద, మనవల మీద వసూలు దావా నడపడానికి వీలు లేకుండా 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. కొడుకుకే లేని బాధ్యత మేనల్లుడికి ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇళ్లలో పొగాకు వేలం డబ్బు చేతికి రాకముందే ఎవరైనా మంచం పడితే ముందు చూసేది ఆసుపత్రి ఖర్చే, ఎరువుల కొట్టు బాకీ కూడా ఆ తర్వాతే.

విశ్రాంత గుమాస్తా, ఒంగోలు:

చట్టం గురించి రైతుబిడ్డ గారు చెప్పినది నిజమే గానీ, ఈ సందర్భానికి అది అతకదు. ఆ సవరణ బాకీని రద్దు చేయదు, కొడుకు నెత్తిన పడకుండా మాత్రమే చేస్తుంది. మేనమామ గారు కోలుకుంటున్నారు. ఇంటికి వచ్చాక పెరిగిన బాకీని ఎదుర్కోవలసింది ఆయనే. కనుక మనం ఆపితే ఆయనకు ఎంత భారం, కడితే ఎంత మేలు అన్న లెక్క చూడాలి.

కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకు సుమారు మూడున్నర శాతం ఉంటుంది, అంటే మన భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది, కాబట్టి అటువైపు నుంచి ఊరట ఆశించలేము. 80,000 మీద నెల వడ్డీ 2,800, దానిపై 18 శాతం జీఎస్టీ 504. బ్యాంకు ఈ నెలకు తప్పక కట్టమనే కనీస చెల్లింపు 4,000 అనుకుంటే, అది కట్టినా అసలులో తగ్గేది 700 కూడా ఉండదు. అయినా కనీస చెల్లింపు కట్టమనే నేను చెబుతాను, ఎందుకంటే అది ఆలస్య రుసుమును ఆపుతుంది, సిబిల్ చరిత్రలో, అంటే అప్పులు తీర్చిన తీరు నమోదయ్యే చోట, మచ్చ పడకుండా చూస్తుంది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే బ్యాంకు ఆలస్య రుసుము వేయాలని, బకాయిగా నివేదించాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో ఉంది. అంటే సోమవారం తప్పినా గురువారం దాకా కొంత ఊపిరి ఉంది. అదే 90 రోజులు దాటినా కనీస మొత్తం పూర్తిగా అందకపోతే కార్డు ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా, లెక్కగడతారు. ఆ తర్వాత ఆయనకు పంట రుణం అడగడం కూడా కష్టమవుతుంది.

మరొక మాట. ఆసుపత్రి బిల్లును ఆ కార్డు మీదే గీయించే ఆలోచన ఉంటే మానుకోండి. పాత బాకీ పూర్తిగా తీరనంతకాలం కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు వర్తించదు, గీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

కావలి కోడలు:

ఇంతసేపు అందరూ ఆయన గురించి మాట్లాడారు, ఆయనతో మాట్లాడమని ఒక్కరూ అనలేదు. స్పృహలో ఉన్న మనిషి తలాడించగలరు, ఎడమచేత్తో సైగ చేయగలరు. ఏ మందుల దుకాణంలో ఎంత, ఏ బంగారు కొట్టులో ఎంత అన్నది మొత్తం స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. భార్యకు కూడా చెప్పని ఖర్చు అందులో ఉండవచ్చు, అది తప్పు ఖర్చే కానక్కరలేదు. మేనల్లుడు, కొడుకు కలిసి ఆయన ఫోను తెరవడానికి ముందు ఆయన ఒప్పుకోలు తీసుకోవాలి. రక్తపోటు పెరుగుతుందని భయమైతే డాక్టరు గారిని అడిగి, ఆయన కుదురుగా ఉన్న పూట, బాకీ ఎంతో వల్లించకుండా, కార్డు సంగతి మమ్మల్ని చూసుకోమంటారా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

వేదాయపాళెం వాసి:

అమ్మా, ఇది వినడానికి బాగుంది గానీ నెల్లూరులో ఏ ఇంట్లో చూసినా భర్త ఫోను భార్య చేతిలోనే ఉంటుంది, కరెంటు బిల్లు, గ్యాసు, పిల్లల ఫీజు ఆమే కడుతుంది. ఓటీపీ చూసింది కట్టుకున్న భార్య అయితే అది మోసం ఎలా అవుతుంది? వారి బావ చెప్పిన దారిలో నాకు తప్పేమీ కనిపించలేదు.

విశ్రాంత గుమాస్తా, ఒంగోలు:

మోసం అని నేను అనను, కానీ చిక్కు మాత్రం ఉంది. రహస్య వివరాలు ఇతరులకు ఇవ్వడం వల్ల నష్టం జరిగితే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 సర్క్యులరు చెబుతుంది. ఆసుపత్రి వరండాలో నలుగురి చేతులు మారే ఫోను అది. రేపు ఎవరైనా కేవైసీ పేరుతో ఫోను చేసి అత్తయ్యగారిని బోల్తా కొట్టిస్తే బ్యాంకు మీద వాదించే అవకాశమే ఉండదు. పైగా అన్నదమ్ముల మధ్య ఆ ఖాతా నుంచి ఎవరు ఎంత తీశారన్న తగవు నేను కౌంటరు వెనక నుంచి చాలాసార్లు చూశాను.

అసలు ఇంత సాహసం అవసరమే లేదు. కార్డులో డబ్బు వేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, తీయడానికే కావాలి. కార్డు నంబరు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఉంటే చాలా బ్యాంకులకు మీ ఖాతా నుంచే నెఫ్ట్ పద్ధతిలో డబ్బు పంపవచ్చు, మీ ఫోనులోని బిల్లు చెల్లింపు యాప్‌ల ద్వారా కూడా కట్టవచ్చు, ఆయన ఓటీపీ ఎక్కడా అడగరు. ఆ పొదుపు ఖాతా అత్తయ్యగారితో కలిపి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉంటే ఆమె తన సంతకంతోనే డబ్బు తీయవచ్చు. ఆయన ఒక్కరి పేరునే ఉంటే, జబ్బుతో సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రను ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయ్యేలా, స్వీకరించే పద్ధతి ఉంది. బ్రాంచి మేనేజరును కలవండి. కార్డు బిల్లు ఆ ఖాతా నుంచి దానంతటదే తీసుకునే ఆటో డెబిట్ ఏర్పాటు ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే ఖాతాలో డబ్బు ఉండేలా చూడటమే మీ పని.

టంగుటూరు రైతుబిడ్డ:

పద్ధతి సరే, డబ్బు ఎవరిది? రేపు మేనల్లుడు ఊళ్లో నూటికి రెండు రూపాయలకు తెచ్చి మూడున్నర రూపాయల బాకీ తీరిస్తే, కాగితం మీద లాభమే. కానీ బ్యాంకుకు మేనమామ గారి మీదే హక్కు ఉంది, ఊళ్లో వడ్డీవ్యాపారికి మేనల్లుడి మీద హక్కు వస్తుంది. చేతిలో మిగులు ఉంటే కనీస మొత్తం కట్టండి, అప్పు తెచ్చి మాత్రం కట్టకండి. వసూలు ఏజెంట్లు ఫోను చేస్తే భయపడవద్దు, ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వారు ఫోను చేయకూడదు, బంధువులను వేధించకూడదు.

విశ్రాంత గుమాస్తా, ఒంగోలు:

అప్పు తెచ్చి కట్టవద్దన్న మాటలో మీతో ఏకీభవిస్తాను. దానికి తోడు, ఆసుపత్రిలో చేరిన కాగితం జతచేసి కార్డు బ్యాంకుకు ఈమెయిలు పంపితే, రుసుము మాఫీ అడగడానికి ఆధారం ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అది తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం అత్తయ్య మామయ్యను అడిగారు, ఆయన ఎడమచేత్తో సరేనన్నట్టు సైగ చేశారు. ఈ నెల కనీస మొత్తం నా ఖాతా నుంచి కట్టాను, రసీదును అన్నయ్యకు, బావకు ఇద్దరికీ పంపాను. పొదుపు ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉందని తేలింది, బుధవారం మేనేజరును కలుస్తాము. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెలది తాను కట్టనని చెప్పాడు, ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోవాలి.