ఐసీయూలో పెద్దవాళ్ల చేతులు మంచానికి కట్టేయడం న్యాయమేనా?

సీతమ్మధార కోడలు:
మా మామయ్య గారికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. అంతా బాగానే జరిగింది కానీ ఆ రాత్రి మనిషి మనిషిలా లేరట, ఎప్పుడో పోయిన తమ్ముణ్ని పిలవడం, సెలైన్ సూది పీకేయడం. పొద్దున్న వెళ్లి చూస్తే రెండు చేతులూ మంచానికి కట్టేసి ఉన్నాయి. మాకు ఫోన్ కూడా చేయలేదు. అడిగితే "ఆయన మంచికేనమ్మా" అన్నారు. డెలీరియం అట, అంటే జబ్బులోనో ఆపరేషన్ తర్వాతో ఉన్నట్టుండి వచ్చే మతి తికమక, తర్వాత తగ్గింది కూడా. కానీ మణికట్ల మీద కమిలిన గుర్తులు చూశాక నా మనసు ఊరుకోవడం లేదు. ఇది తప్పంటారా, తప్పదంటారా?

రాత్రి డ్యూటీ నర్స్:
మీ బాధ అర్థమైంది అక్కా. కానీ గొట్టం పీకేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, మంచం దిగబోయి పడితే మళ్లీ అదే ఎముక. పక్క బెడ్ పేషెంట్ సీరియస్‌గా ఉంటే నేను ఈయన చెయ్యి పట్టుకుని కూర్చోలేను కదా. కట్టకుండా వదిలేసి ఏదైనా జరిగితే ముందు మా మీదకే వస్తారు. ఇంటివాళ్లకి చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఎంవీపీ కాలనీ పెద్దాయన:
నర్సమ్మా, నీ ఇబ్బంది నిజమే. కడితే క్షేమం అన్న దగ్గరే నాకు పేచీ. డెలీరియం తెచ్చిపెట్టే వాటిలో ఆ కట్టేయడమూ ఒకటి. అవసరం తీరినా మూత్రం గొట్టం ఉంచేయడం, ఒకేసారి కొత్త మందులు కలపడం, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి, నిద్ర లేకపోవడం, ఇవన్నీ అంతే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 70 దాటిన 852 మందిని చూసి 1999లో ప్రచురించారు: మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ముందుజాగ్రత్తలు తీసుకున్నవాళ్లలో 9.9 శాతానికే వచ్చింది. ఆ జాగ్రత్తలేమిటంటే కళ్లజోడు, వినికిడి మిషన్ దగ్గరుంచడం, నీళ్లు తాగించడం, లేపి నడిపించడం, ఇవాళ ఏ వారమో చెబుతూ కబుర్లాడటం, నిద్రమాత్ర బదులు వేడి పాలిచ్చి వీపు నిమరడం. మనమేమో పోతాయన్న భయంతో కళ్లజోడు తీయించి ఇంటికి పంపేస్తాం.

అయితే ఇవన్నీ ఎవరు చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి విశాఖ పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి వచ్చినవాళ్లకి కూలి మానుకుని కూర్చున్న కూతురో కోడలో దిక్కు. ఆ ఒక్కరూ లేని ముసలాయన్ని కట్టేయొచ్చా మరి? అందుకే ఇది ఆసుపత్రి పనే అంటాను, మంచం అద్దె తీసుకున్నట్టే దీనికీ మనిషిని పెట్టాలి. ఇంకో మాట, గొడవ చేయకుండా మత్తుగా పడుకున్న డెలీరియం కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సీతమ్మధార కోడలు:
ఆపరేషన్ కాగితం మీద మా ఆయన సంతకం పెట్టారు. మామయ్య గారు అప్పుడు తెలివిగానే ఉన్నారు, ఇలా జరగొచ్చని, జరిగితే ఏం చేయమంటారని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రాత్రి డ్యూటీ నర్స్:
అది అడగాల్సిందే, ఒప్పుకుంటాను. రాత్రి ఇంటివాళ్లని ఒక్కరిని, చేతులు కడిగించి గౌను వేసి లోపల ఉండనిచ్చినా మాకు సగం పని తగ్గుతుంది. కానీ వెంటిలేటర్ గొట్టం లాగేసుకుంటున్న మనిషి విషయంలో, వేరే దారి దొరికేదాకా ఆ కాసేపు కట్టక తప్పదనే అంటాను.