"ఆతతాయినమాయాంతం": ఇంట్లో దూరిన దొంగను కాల్చేయమని ఈ శ్లోకం చెబుతోందా?

ప్రశ్న:

గ్రూపు పెద్దలకు నమస్కారం. మా కాలనీ వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతోంది. "లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు, ఇంట్లో దూరిన దొంగను కాల్చేయవచ్చు, మన ధర్మశాస్త్రమే ఒప్పుకుంది" అని రాసి, కింద మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోని ఈ శ్లోకం పెట్టారు.

గురుం వా బాలవృద్ధౌ వా బ్రాహ్మణం వా బహుశ్రుతమ్ ।
ఆతతాయినమాయాంతం హన్యాదేవావిచారయన్ ॥

ఆతతాయి అంటే దొంగ అనేనా? "అవిచారయన్" అంటే ఆలోచించకుండా అనే కదా? ఇప్పటి చట్టం కూడా ఇదే అంటోందని కొందరు వాదిస్తున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఈ శ్లోకాన్ని ఇలా వాడటం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చదివి నమ్మినవాడి చేతిలో తుపాకీ ఉంటే ఒక ప్రాణం పోతుంది, ఇంకొకరి జీవితం జైల్లో గడుస్తుంది. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఆతతాయి. "ఆతత" అంటే సాగదీసిన, లాగి పట్టిన అని. అల్లెతాడు లాగి పట్టిన విల్లుతో మీదికి వచ్చేవాడు ఆతతాయి. యజుర్వేదంలోని రుద్రస్తుతి నమకం చదివేవాళ్ళకు "నమో రుద్రాయాతతావినే" అన్న చోటు గుర్తుండే ఉంటుంది. అక్కడి రుద్రుడు ఎక్కుపెట్టిన విల్లుతో ఉన్నవాడు. తెలుగులో మనం ఇప్పటికీ "తుపాకీ ఎక్కుపెట్టాడు" అంటాం. విల్లు పోయి తుపాకీ వచ్చినా క్రియ మాత్రం విల్లుదే మిగిలింది. అంటే ఈ మాటకు అసలు అర్థం దొంగ అని కాదు, ఆయుధం సిద్ధంగా పట్టుకుని మీదికి వస్తున్న హంతకుడు అని.

తరవాత అర్థం పెరిగింది. వసిష్ఠుడి పేరుతో ఉన్న ధర్మసూత్రంలో ఆరుగురిని ఆతతాయిలుగా లెక్కపెట్టారు: ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం చేతబట్టినవాడు, ధనం అపహరించేవాడు, పొలం లాక్కునేవాడు, భార్యను ఎత్తుకుపోయేవాడు. మీ కాలనీవాళ్ళు పట్టుకున్నది ఇందులోని "ధనాపహ" అన్న మాటని. కాదనను, అది ఉంది. కానీ ఏ జాబితాలో ఉందో చూడండి. చుట్టూ ఉన్నవాళ్ళందరూ మనిషి ప్రాణాన్నో బతుకునో నాశనం చేసేవాళ్ళు. వాళ్ళ నడుమ పెరట్లో బిందె ఎత్తుకుపోయేవాణ్ణి కూర్చోబెట్టడం ఆ జాబితాను అర్థం చేసుకోవడం కాదు.

ఇక అసలు సంగతి. అందరూ "హన్యాదేవ", "అవిచారయన్" అన్న రెండు మాటల దగ్గర ఆగిపోతారు. దాటేసేది "ఆయాంతం". వస్తున్నవాణ్ణి అని దాని అర్థం. వచ్చి వెళ్ళిపోయినవాడు, గోడ దూకి పారిపోతున్నవాడు, పట్టుబడి చెట్టుకు కట్టేసి ఉన్నవాడు, వీళ్ళెవరూ "ఆయాంతం" కారు. శ్లోకంలోని అనుమతి అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. "అవిచారయన్" అన్నది కూడా గురువా, ముసలివాడా, బ్రాహ్మణుడా అన్న విచారణ గురించి. మొదటి వరుస అందుకే ఉంది. ప్రమాదం ఉందా లేదా అని చూడవద్దని ఎక్కడా అనలేదు.

దీనికి ముందు శ్లోకం కూడా చదవాలి. "ఆత్మనశ్చ పరిత్రాణే" అని మొదలవుతుంది. తనను కాపాడుకోవడానికి, స్త్రీలను, విప్రులను కాపాడటానికి ధర్మంగా చంపినవాడికి దోషం లేదని దాని సారం. "ధర్మేణ" అన్న షరతు అక్కడే పెట్టారు. ఇంకో సంగతి, ఆ శ్లోకంలోనే ఇతరుల రక్షణ కూడా ఉంది. మనం వాడే "ఆత్మరక్షణ" అన్న మాటలో అది వినబడదు.

భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవులను ఆతతాయిలనే అంటాడు. భీముడికి విషం పెట్టారు, లక్క ఇంటికి నిప్పు పెట్టించారు, రాజ్యం లాక్కున్నారు. వసిష్ఠుడి జాబితాతో సరిపోతుంది. అయినా "వీళ్ళను చంపితే మనకు పాపమే" అంటాడు. నియమం తెలిసినవాడే అలా తడబడ్డాడు.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి సాక్ష్యం పోతన భాగవతంలో ఉంది. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు ద్రౌపది అడిగే పద్యం చాలామందికి నోటికి వచ్చు. "ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కించిద్ద్రోహంబును నీకుఁ జేయరు..." ఆవేశంతో ఆయుధాలు పట్టుకుని నీ మీదికి రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు ఇసుమంత కీడూ చేయలేదు, అలాంటి పసివాళ్ళను చీకట్లో నిద్రపోతుంటే చంపడానికి నీకు చేతులెలా ఆడాయి అంటుంది. "రారు" అన్న క్రియ మీద ఒక్క నిమిషం ఆగండి. శ్లోకంలో "ఆయాంతం" ఏ పని చేస్తోందో ఇక్కడ "రారు" దాన్నే తిప్పి చేస్తోంది. మీదికి రావడం, ఆయుధం ఉండటం, కీడు తలపెట్టడం. కొడుకులను పోగొట్టుకున్న తల్లి, కన్నీళ్ళ మధ్యలో, చంపడం ఎప్పుడు తప్పవుతుందో మూడు ముక్కల్లో చెప్పేసింది. ఈ పద్యం ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

చట్టం సంగతి మన గ్రూపులోని వకీలు గారు చెబితే బాగుంటుంది.

వ్యాఖ్య (వకీలు గారు, వరంగల్):

మాస్టారు చెప్పిన "ఆయాంతం" మా కోర్టుల్లో కూడా నడుస్తుంది. పేరు వేరు, అంతే. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు మనల్నీ, ఇతరులనూ, సొత్తునూ కాపాడుకునే రక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో) 96 నుంచి 106. సారం పెద్దగా మారలేదు.

మీ కాలనీవాళ్ళు "దొంగ" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. చట్టానికి అది చాలదు. మన తెలుగులో దొంగతనం, దోపిడీ, కన్నం అని వేరువేరు మాటలు ఉన్నాయి. పేపర్లలో హెడ్డింగు కోసం చోరీని దోపిడీ అనీ, దోపిడీని చోరీ అనీ రాసేస్తుంటారు. కోర్టులో మాత్రం శిక్షకూ విడుదలకూ తేడా అక్కడే ఉంటుంది.

ఉత్త దొంగతనం అయితే అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, అవసరమైనంత దెబ్బ కొట్టవచ్చు. చంపే హక్కు లేదు. ఇది సెక్షన్ 42. దొంగతనం కోసం గానీ, సొత్తు పట్టుకుపోవడానికి గానీ కొట్టినా, కట్టేసినా, ఇప్పుడే చంపుతానని కత్తి చూపించినా అది దోపిడీ. అప్పుడు సెక్షన్ 41 కింద హక్కు ప్రాణం తీసేదాకా వెళ్ళవచ్చు. సూర్యాస్తమయం తరవాత, సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేయడం కూడా ఆ జాబితాలో ఉంది. నివాసానికి నిప్పు పెట్టడం ఉంది. మామూలు దొంగతనమైనా, ఇంట్లో దూరడమైనా, అడ్డుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదని సహేతుకంగా భయపడే పరిస్థితి ఉంటే అదీ ఉంది. కన్నం అంటే గోడకు బొక్క పెట్టడమే అనుకోవద్దు. తాళం పగలగొట్టినా, గోడెక్కి మనుషులు రాని దారిలో దిగినా చట్టం దృష్టిలో కన్నమే.

ఇవన్నీ సెక్షన్ 37కి లోబడి ఉంటాయి. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కు లేదు. అవసరానికి మించి గాయం చేయకూడదు. రాత్రి కన్నం వేశాడు కదా అని, చేతులెత్తి నిలబడ్డవాణ్ణి కాలిస్తే 41 కాపాడదు. అలాగే కన్నం విషయంలో ఈ హక్కు దొంగ ఇంట్లో ఉన్నంతసేపే అని సెక్షన్ 43 చెబుతుంది. వాడు వీధిలోకి దూకాక వెనక నుంచి కాలిస్తే అది పగ.

అయితే జడ్జీలు ప్రాణభయంలో ఉన్న మనిషిని బంగారం తూచే త్రాసులో పెట్టి తూచరు. ఇది సుప్రీంకోర్టు పదే పదే చెప్పిన మాట. కేరళలో బంద్ రోజున మిల్లు మూయించడానికి జనం మీదపడితే యజమాని వైపు నుంచి తుపాకీ పేలింది. ఇద్దరు చనిపోయారు. జేమ్స్ మార్టిన్ కేసు అంటారు. 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు అది రక్షణ హక్కు కిందికే వస్తుందని శిక్ష రద్దు చేసింది. హద్దు దాటినా, చెడు ఉద్దేశం లేకుండా దాటితే హత్య స్థాయి తగ్గి, హత్య కాని ప్రాణహరణ నేరం అవుతుంది. అప్పుడూ జైలు తప్పదు.

వ్యాఖ్య (డాలస్ నుంచి ఒక సభ్యురాలు):

మా టెక్సాస్‌లో రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి కూడా ప్రాణాంతక బలం వాడవచ్చని చట్టంలో ఉంది అండి. సొత్తుతో పారిపోతున్నవాడి మీద కూడా. ఇక్కడి తెలుగువాళ్ళు గన్ కొనేటప్పుడు అందరూ ఇదే చెప్పుకుంటారు.

జవాబు:

ఉందమ్మా, టెక్సాస్ పీనల్ కోడ్ 9.42. కానీ చెప్పుకునేవాళ్ళు దాని రెండో సగం వదిలేస్తారు. ఆ సొత్తును ఇంకే విధంగానూ కాపాడుకోలేమని, తిరిగి తెచ్చుకోలేమని, లేదా తక్కువ బలం వాడితే తమకే చావో తీవ్ర గాయమో అయ్యే ముప్పు ఉందని సహేతుకంగా నమ్మాలి. సహేతుకమా కాదా అన్నది జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, తేలుస్తుంది. పైగా అది ఆ రాష్ట్రం మాట. ఇక్కడి కాలనీవాళ్ళు యూట్యూబ్‌లో అది చూసి ఇక్కడా అంతే అనుకుంటే ప్రమాదం.

ఇంగ్లండులో దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది. 1999 ఆగస్టులో నార్ఫోక్‌లో టోనీ మార్టిన్ అనే రైతు రాత్రి ఇంట్లో దూరిన ఇద్దరి మీద షాట్‌గన్ పేల్చాడు. వీపులో గుండు తగిలి పదహారేళ్ళ కుర్రాడు చనిపోయాడు. 2000లో జ్యూరీ హత్య అని తీర్పు చెప్పింది. 2001లో అప్పీలు కోర్టు శిక్ష తగ్గించింది, అదీ మానసిక స్థితి కారణంగా. ఆత్మరక్షణ వాదన నిలవలేదు. దేశం రెండుగా చీలి వాదించుకుంది. 2013లో అక్కడి చట్టం ఇంటివాళ్ళకు కొంత వెసులుబాటు పెంచింది. ఆ కుర్రాడు చేసింది తప్పే. కానీ వీపులో తగిలిన గుండును "ఆయాంతం" అనలేం.

రాత్రి సంగతి మాత్రం చాలా పాతది. తెలుగు బైబిలు నిర్గమకాండం 22లో కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బకు చస్తే "రక్తాపరాధము" ఉండదు, సూర్యుడు ఉదయించాక కొడితే ఉంటుంది అని ఉంది. చీకట్లో వచ్చినవాడి చేతిలో ఏముందో, వెనక ఎంతమంది ఉన్నారో ఇంటివాడికి తెలియదు. పగలైతే కనబడుతుంది, కేకేస్తే పక్కింటివాళ్ళు వస్తారు. టెక్సాస్, మన 41, ఆ వాక్యం, మూడూ రాత్రిని విడిగా చూడటానికి కారణం ఈ భయమే అని నా అభిప్రాయం.

ప్రశ్న:

మాస్టారూ, వకీలు గారూ, చాలా ధన్యవాదాలు. ఒకటి మిగిలింది. అర్ధరాత్రి వచ్చింది దొంగ అనుకుని కాలిస్తే, తీరా ఊరి నుంచి చెప్పకుండా వచ్చిన మన తమ్ముడే అయితే?

వ్యాఖ్య (వకీలు గారు):

సెక్షన్ 36 కింద దాదాపు ఇదే ఉదాహరణ ఉందమ్మా. రాత్రి హక్కుగానే ఇంట్లోకి వచ్చినవాణ్ణి కన్నం దొంగ అని నిజాయితీగా పొరబడి దాడి చేస్తే అది నేరం కాదు. కానీ ఆ తమ్ముడికి కూడా ఎదురు తిరిగి తనను కాపాడుకునే హక్కు అంతే ఉంటుంది. నిజాయితీగా పొరబడ్డామని చూపించుకోవాల్సిన బాధ్యత కాల్చినవాళ్ళదే. అందుకే నా దగ్గరికి వచ్చే లైసెన్సుదారులకు ఒకటే చెబుతాను. ముందు తలుపు గడియ పెట్టుకుని 112కి ఫోన్ చేయండి, ఆ కాల్ టైము రేపు కోర్టులో మీకు పనికొస్తుంది. లైటు వేసి "ఎవరది?" అని గట్టిగా అరవండి. నిజంగా పేల్చాల్సి వస్తే, తరవాత అక్కడ ఒక్క వస్తువు కూడా కదపవద్దు. గాయపడ్డవాడు దొంగే అయినా అంబులెన్సు పిలవండి. తుపాకీ, లైసెన్సు రెండూ పోలీసులకు మీరే అప్పగించండి.