ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మాటలు డిస్కార్డ్‌లో సాగితే తప్పేంటి?

చుక్కాని

ఆరేళ్లుగా నలుగురం కలిసి ఒక చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్) నడుపుతున్నాం. రకరకాలుగా రాసిన తేదీలను ఒకే పద్ధతిలోకి మార్చడం దాని పని. కోడ్ జీపీఎల్ లైసెన్సులో ఉంది, అంటే ఎవరైనా చదివి, మార్చి, పంచుకోవచ్చు. మా మాటలు మాత్రం మొదటి నుంచీ డిస్కార్డ్ అనే ఒక కంపెనీ చాట్ యాప్‌లోనే. పోయిన నెల ఒకరు బగ్ రిపోర్టు చివర ఇలా రాశారు: "మీ కోడ్ చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీతో మాట్లాడాలంటే మాత్రం ఒక కంపెనీ దగ్గర ఖాతా తెరవాలా?" అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోగల ఓపెన్ చాట్ పద్ధతి మ్యాట్రిక్స్‌కి మారదాం అంటే మాలో ఇద్దరు వద్దంటున్నారు. కొత్తవాళ్లు రావడం ఆగిపోతుందని వాళ్ల భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొత్తకొమ్మ

మారొద్దు. నేను ఓపెన్ సోర్స్‌లోకి వచ్చి రెండేళ్లే అయింది కాబట్టి ఆ గడప ఎంత ఎత్తుగా ఉంటుందో ఇంకా గుర్తుంది. మొదట ఒక ప్రాజెక్టు ఐఆర్‌సీ (పాతకాలపు ఓపెన్ చాట్ పద్ధతి) చానెల్‌కి వెళ్లాను. ప్రశ్న టైప్ చేసి నలభై నిమిషాలు కూర్చున్నా. ఎవరూ పలకలేదు. ల్యాప్‌టాప్ మూసి పడుకున్నా. మనం లైన్‌లో లేనప్పుడు వచ్చిన మాటలు ఐఆర్‌సీలో మనకు చేరవని అప్పటికి నాకు తెలీదు. ఎవరైనా జవాబిచ్చారో లేదో ఇప్పటికీ తెలీదు. మళ్లీ అటు వెళ్లలేదు.

తర్వాత ఇంకో ప్రాజెక్టు, వాళ్లది డిస్కార్డ్. నాకు అప్పటికే ఖాతా ఉంది. పొద్దున లేచేసరికి జవాబు కనిపించింది: "ఆ ఫైల్లో 12వ లైన్ తప్పు, నువ్వే సరిచేసి పంపు." నా మొదటి ప్యాచ్ (కోడ్‌కి పంపే సవరణ) అదే. స్వేచ్ఛ గురించి ఎంతైనా మాట్లాడుకుందాం, ముందు మనిషి లోపలికి రావాలి కదా.

పాతకాపు

కొత్తకొమ్మ గారూ, మీకు అలా జరగడం బాధగా ఉంది. ఐఆర్‌సీ 1988లో పుట్టింది, దాని లోపాలను నేను వెనకేసుకురాను. నా బెంగంతా తాళంచెవి ఎవరి దగ్గరుందన్న దాని గురించే.

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) వాళ్లు కోడ్ మార్పుల లెక్క పెట్టుకోవడానికి 2002 నుంచి బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్ వాడారు. ఉచితంగానే ఇచ్చారు, బాగానే పనిచేసింది. 2005 ఏప్రిల్‌లో ఆ ఉచిత లైసెన్సు వెనక్కి తీసేసుకున్నారు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెర్నల్ పని పక్కనపెట్టి దాని బదులు గిట్ రాయాల్సి వచ్చింది. చాట్‌లోనూ ఇదే కథ. స్లాక్ అనే కంపెనీ చాట్‌లోకి ఐఆర్‌సీ, ఎక్స్‌ఎంపీపీ (ఇంకో ఓపెన్ చాట్ పద్ధతి) ప్రోగ్రాంల నుంచి మాట్లాడే దారి ఒకప్పుడు ఉండేది, 2018 మేలో మూసేశారు. 2022 సెప్టెంబరు నుంచి ఉచిత ఖాతాల్లో 90 రోజులు దాటిన మాటలు కనిపించడం మానేశాయి.

నా సొంత అనుభవం కూడా చెప్తాను. మా పాత ప్రాజెక్టులో ఒక చాట్ సేవ వాడేవాళ్లం, పేరు వద్దు. ఒకరోజు మా అడ్మిన్ ఖాతా ఆగిపోయింది. కారణం చెప్పలేదు. మూడు వారాలు మెయిళ్లు పెట్టాం, చర్చలన్నీ దాంతోపాటే పోయాయి. ఒక ఫంక్షన్‌లో "మైనస్ ఒకటి" ఎందుకు తీసేశామో వివరంగా మాట్లాడుకున్నది అందులోనే ఉంది. కోడ్‌లో ఆ లైన్ పక్కన "కారణం చాట్‌లో చూడండి" అని నా చేత్తో రాసిన కామెంట్ ఇవాళ్టికీ అలాగే ఉంది. ఆ లైన్ ముట్టుకోవాలంటే ఇప్పుడు మాకెవరికీ ధైర్యం చాలదు.

కొత్తకొమ్మ

స్వేచ్ఛా సాధనాలైతే తాళంచెవి మన దగ్గరే ఉంటుందా? 2021 మేలో ఫ్రీనోడ్ అనే పెద్ద ఐఆర్‌సీ నెట్‌వర్క్ మీద పెత్తనం విషయంలో గొడవ వచ్చి, దాన్ని నడిపే వాలంటీర్లు రాజీనామా చేసి బయటికొచ్చారు. ఎన్నో ప్రాజెక్టులు ఉన్నపళంగా వాళ్లు పెట్టిన లిబెరా చాట్‌కి మారాల్సి వచ్చింది. ఇంకోటి, బిట్‌కీపర్ వాడిన ఆ మూడేళ్లూ కెర్నల్ పని ముందుకే సాగింది కదా.

పాతకాపు

మారాల్సి వచ్చింది, మారగలిగారు కూడా. చాలామంది చేసిందల్లా తమ ప్రోగ్రాంలో సర్వర్ చిరునామా మార్చి, పేరు మళ్లీ నమోదు చేసుకోవడమే. వాడే ప్రోగ్రాం అదే, వేళ్లకు అలవాటైన కమాండ్లూ అవే. రేపు డిస్కార్డ్ ఒక నిబంధన మారిస్తే అదే యాప్ పట్టుకుని మీరు ఎక్కడికి వెళ్తారు?

తెరచదువరి

నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. కొత్తవాళ్లు రావాలంటున్నారు సరే, ఎవరా కొత్తవాళ్లు అని అడగాలనిపించింది.

ఈమెయిలైనా ఐఆర్‌సీ అయినా నాకు నప్పే ప్రోగ్రాం నేనే ఎంచుకుంటాను. నాది టెర్మినల్లో నడుస్తుంది, ఒక్కో మాట ఒక్కో లైన్‌గా వినిపిస్తుంది. డిస్కార్డ్‌లో కంపెనీ ఇచ్చిన యాప్‌నే వాడాలి, వేరేది వాడటం నిబంధనలకు విరుద్ధం. ఒక అప్‌డేట్‌తో బటన్లు అటూ ఇటూ మారితే, నిన్న రెండు మీటల్లో అయిన పనికి ఇవాళ అరగంట వెతుక్కుంటాను. బాగుచేసి పంపుదామంటే కోడ్ మన చేతిలో ఉండదు. ఓపెన్ సోర్స్ చాట్‌లైన జూలిప్‌లోనో మ్యాట్రిక్స్ యాప్‌లోనో లోపం కనిపిస్తే కనీసం ఒక ప్యాచ్ పంపగలను.

నిశిరాత్రి

మ్యాట్రిక్స్ సర్వర్ రెండేళ్లు నడిపిన మనిషిగా ఒక హెచ్చరిక. ఫెడరేటెడ్ గది అంటే ఏ సర్వర్ నుంచైనా ఎవరైనా రావచ్చు, స్పామ్ పంపేవాళ్లతో సహా. ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. మా గదిలో ఎవరో చూడకూడని బొమ్మలు వరసపెట్టి పోస్ట్ చేస్తున్నారు. తెల్లారేదాకా ఒక్కొక్కటీ తీసేస్తూ కూర్చున్నా. ఇంకోసారి డేటాబేస్ పెరిగిపెరిగి డిస్క్ నిండిపోయింది. ఆ టెన్షన్ మోసేది ఎవరు అని ముందే తేల్చుకోండి చుక్కాని గారూ. మీరున్నది నలుగురే. ఆ పని మీద పడిన మనిషి కోడ్ రాయడం మానేస్తాడు, నేను మానేశాను.

అలాగని డిస్కార్డ్‌లోనే ఉండిపొమ్మననూ లేను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే లైబ్రరీలో దొంగదారి బయటపడింది గుర్తుందా? ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తీగ లాగితే డొంకంతా కదిలింది. తర్వాత అందరూ వెనక్కి వెళ్లి చూశారు. అలసిపోయిన ఆ లైబ్రరీ మెయింటెయినర్‌ని (దాన్ని చూసుకునే మనిషిని) "పగ్గాలు ఇంకొకరికి ఇచ్చెయ్" అని 2022లో ఒత్తిడి చేసిన మెయిళ్లు మెయిలింగ్ లిస్టులో తేదీలతో సహా దొరికాయి. మోసం ఎలా అల్లుకుంటూ వచ్చిందో వాటితోనే అర్థమైంది. ఏ మూసిన చానెల్లోనో జరిగి ఉంటే బయటివాళ్లు ఆ మాటలు చదివేవాళ్లు కాదు.

అందుకే నా సలహా: కబుర్లు ఎక్కడైనా చెప్పుకోండి, నిర్ణయం మాత్రం ఖాతా లేనివాళ్లు కూడా చదివే చోట ఉండాలి. సర్వర్ బరువు వద్దనుకుంటే జూలిప్ చూడండి. అది ఓపెన్ సోర్సే, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు తమ సర్వర్ మీద ఉచితంగా చోటిస్తారు. డేటా మొత్తం దింపుకుని మన సొంత సర్వర్‌కి మార్చుకోవచ్చు కూడా.

కొత్తకొమ్మ

నిర్ణయాలు బయట ఉండాలన్నది ఒప్పుకుంటాను. ఆ "మైనస్ ఒకటి" సంగతి చదివాక కాదనలేను. డిస్కార్డ్ తలుపు మూసేయడానికి మాత్రం ఇంకా ఒప్పుకోను. నాలాంటివాళ్లకి మొదట కనిపించేది అదే.

చుక్కాని

నిన్న రాత్రి నలుగురం కూర్చున్నాం. డిస్కార్డ్ అలాగే ఉంటుంది, అందులో ప్రశ్నలు, పలకరింపులు మాత్రమే. కోడ్ మీద ఏం తేల్చుకున్నా, ఎందుకో రెండు లైన్లు ఇష్యూలో (కోడ్ పక్కనే అందరికీ కనిపించే చర్చా పేజీలో) రాయనిదే ప్యాచ్ కలపం. ఆ రాసే పని వంతులవారీగా చేస్తాం, మొదటి నెల నాది. పాత చర్చల్లోంచి ముఖ్యమైనవి చేత్తోనే ఎత్తి రాస్తున్నా, ఇప్పటికి పదకొండు అయ్యాయి. పక్కనే జూలిప్ కూడా తెరిచాం, మూడు నెలలు చూస్తాం. మాలో ఒకరికి ఇది ఇంకా ఇష్టం లేదు, రెండు చోట్ల చూడాలంటే విసుగని అన్నారు. ఆ మాటా నిజమే.

తెరచదువరి గారూ, ఒకసారి పరీక్షించి చెప్తారా?

తెరచదువరి

లింక్ పంపండి. ముందు లాగిన్ అవకుండా పాత చర్చ ఒకటి మొదటి నుంచి చివరిదాకా వింటాను, ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇష్యూ రాస్తాను.