బ్యాటరీ ఊడదీసే ఫోన్లు మళ్ళీ రావాలా?

ప్రశ్న: ఫోన్ వెనక మూత ఉబ్బింది. చెన్నై రిచీ స్ట్రీట్‌ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో బ్యాటరీ మార్పిస్తే సరిపోతుందా? పాత ఫోన్లలా మూత తీసి మనమే మార్చుకునేలా ఎందుకు చేయరు?

జవాబు: ముందు చార్జింగ్ ఆపండి అన్నా. లోపల గ్యాస్ చేరింది. నొక్కొద్దు, షాపుకే ఇవ్వండి. ఉబ్బని బ్యాటరీ అయితే చార్జ్ 25 శాతం లోపుకి దింపి విప్పాలి. బ్యాటరీని అంటించిన జిగురు పట్టీ లాగేటప్పుడు తెగితే, అంచున జిగురుని మెత్తబరిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి, రెండు నిమిషాలాగి ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తారో, పొర చిరిగి మంటే.

జవాబు: ఊడే బ్యాటరీకి గట్టి తొడుగు కావాలి, ఆ మేరకు కెపాసిటీ తగ్గుతుంది. అది నిజం. మూత ఊడేలా ఉంటే నీళ్ళు లోపలికి పోతాయనే వంక మాత్రం సగం సాకే: 2014 గెలాక్సీ ఎస్5కి మూత ఊడేది, ఐపీ67 (దుమ్ము, నీళ్ళు తట్టుకునే రేటింగ్) కూడా ఉండేది.

జవాబు: పాత ఫోన్లలా అంటే, ఊడే బ్యాటరీతో పాటు మెమరీ కార్డు స్లాట్ కూడా ఉండాల్సిందే, కానీ ఫొటోలకీ వీడియోలకే. యాప్‌లు కార్డులోకి మారిస్తే ఫోన్ నత్తనడకే.