రీసెర్చ్ పేపర్లు చదవడం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్కారం. నేను ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. సిలబస్‌లో ఉన్నవి కథలు, వ్యాసాలు. వాళ్లు చదవాల్సినవి మాత్రం రీసెర్చ్ పేపర్లు.

మొన్న ఒక పేపర్ ఇస్తే ప్రతి మాటకూ తెలుగు అర్థం రాసుకుంటూ కూర్చున్నారు. గంట అయినా పేజీ తిరగలేదు. చిత్రమేమిటంటే ఫోటోసింథసిస్ లాంటి మాటలు వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. చిక్కంతా మామూలు మాటలతోనే. 'సజెస్ట్' చూసి 'ఫలితాలు సలహా ఇస్తున్నాయి' అని రాశాడొకడు, 'సూచిస్తున్నాయి' అనాల్సిన చోట! నవ్వొచ్చింది కానీ, తప్పు వాడిది కాదు.

అకడమిక్ రాతల్లో తరచూ వచ్చే మాటలతో 2000లో ఆవరిల్ కాక్స్‌హెడ్ కూర్చిన 570 పదకుటుంబాల (ఒకే మూలమాట నుంచి పుట్టిన మాటల గుంపుల) జాబితా ఉంది కదా, అది నేర్పించాలా? బట్టీ పట్టించడానికి నాకు మనసొప్పడం లేదు. పేపర్‌లో ముందు అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం), తర్వాత పటాలు, డిస్కషన్ (ఫలితాల మీద చర్చ) చదివించి, మెథడ్స్ (పని చేసిన పద్ధతి) ఆఖరికి పెడదామా అనుకుంటున్నాను. మధ్యలో తెలుగులో మాట్లాడుకోనిస్తే మేలా, కీడా?

తెలుగు మీడియంలో చదివి పీజీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు కాస్త చెప్పండి. అప్పట్లో మీకు నిజంగా ఏది పనికొచ్చింది? నాకు వారానికి దొరికేది రెండు గంటలే.