చేదోడు సరే, వాదోడులో ‘వా’ ఏమిటి?

అనకాపల్లి నుంచి:
ఇల్లు సర్దుతుంటే తాతయ్య మా అమ్మకు రాసిన ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. అమ్మ కొత్తగా కాపురానికి వెళ్లిన రోజులవి. ‘మీ అత్తగారికి చేదోడు వాదోడుగా ఉండమ్మా’ అని రాశారు. రెండు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. హైస్కూల్లో తెలుగు మాస్టారు ఈ ‘వా’ గురించి ఏదో చెప్పారు, సగమే గుర్తుంది. ‘నోరు కూడా చెయ్యి లాంటిదే’ అన్నట్టు. చేదోడు తెలుస్తోంది. వాదోడు సంగతి ఎవరైనా చెప్పండి.

తెనాలి నుంచి:
మీ మాస్టారు చెప్పిందే నిజం. వాయి అంటే నోరు. వాతెర (పెదవి), వాకిలి, వాపోవడం అన్నీ అక్కడివే. తమిళంలో వాయ్, కన్నడంలో బాయి. పేపర్లో రోజూ చూసే ‘మృత్యువాత’లో వాత కూడా అదే, మృత్యువు నోట పడటం. చేతి తోడు చేదోడు, నోటి తోడు వాదోడు. పని సాయం ఒకటి, మాట సాయం ఒకటి.

వరంగల్ నుంచి:
అంత తొందరగా తేల్చకండి మాస్టారూ. జంటమాటల్లో రెండోదానికి అర్థం ఉండి తీరాలని లేదు. చిందరవందరలో వందర ఏమిటి? వినడానికి బాగుందని చేదోడు పక్కన వాదోడు వచ్చి చేరింది, అంతే. చేదోడు ఒంటరిగా నిలబడగలదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చే పథకానికి ‘జగనన్న చేదోడు’ అని పేరు పెట్టింది. వాదోడును అలా విడిగా ఎవరు వాడారో చూపించండి.

తెనాలి నుంచి:
అర్థం లేని జంటకు తెలుగువాళ్ల నోట ‘గి’ వస్తుంది. కాఫీ గీఫీ, పుస్తకం గిస్తకం. మీ లెక్కన చేదోడు గీదోడు కావాలి. వాతెర విడిగా ఉంది, వాకిలి విడిగా ఉంది. వాదోడులో మాత్రం వాయి ఎందుకు కాకూడదు?

వరంగల్ నుంచి:
చిందరవందరకు జవాబు రాలేదు.

కాకినాడ నుంచి:
వాయి అనగానే నాకు నోరు గుర్తుకు రాదు, బాణలి గుర్తొస్తుంది. ‘ఇంకో వాయి వెయ్యి’ అంటే నూనెలో ఒక్కసారికి పట్టేన్ని గారెలు. సంక్రాంతికి అరిసెలు వండేటప్పుడు ఒకరు తట్టి నూనెలో వేస్తే ఇంకొకరు తీసి నూనె కారేలా నొక్కుతారు. ఆ రెండో మనిషి లేకపోతే వాయంతా మాడిపోతుంది. వాయికి తోడు వాదోడు. అత్తగారికి వాదోడుగా ఉండమని ఆ పెద్దాయన చెప్పింది ఇదే అయ్యుంటుంది. మా అమ్మ దగ్గర నేను చేసిన పని కూడా ఇదే.

తెనాలి నుంచి:
బాణలి వాయి కూడా మొదట రోటి నోరో, తిరగలి నోరో అయ్యుంటుందని నా నమ్మకం. తిప్పి తిప్పి నోటి దగ్గరికే వస్తాం.

కడప నుంచి:
అందరూ ‘వా’ పట్టుకున్నారు, తోడును వదిలేశారు. పాలలో వేసే చెంచాడు పెరుగు కూడా తోడే. కొన్ని చోట్ల చేమిరి అంటారు. ఇంకొకటి చూడండి. తృతీయా విభక్తి చేతన్, చేన్, తోడన్, తోన్. అందులో చేత వచ్చింది చేయి నుంచి, తోడ వచ్చింది తోడు నుంచి. మనం బడిలో వల్లె వేసిన వరసలోనే చేదోడు దాగి ఉంది.

హైదరాబాద్ నుంచి:
చేయీ నోరూ అంటుంటే నా మనసు గజేంద్రమోక్షం మీదికి పోయింది. ‘సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు’. మొదటిది నోటి పని, రెండోది చేతి పని. రెండూ మానేసి పరుగెత్తాడు స్వామి. ఇటు ఏనుగు సంగతి చూడండి. తొండమే చెయ్యి కాబట్టి దాన్ని కరి అన్నారు, హస్తి అన్నారు. అంతటి చెయ్యి ఉండి కూడా మడుగులో అక్కరకు రాలేదు. ‘పాహి పాహి యనఁ గుయ్యాలించి’ అన్నాడు పోతన. కుయ్యి అంటే ఆపదలో పెట్టే కేక. ఇప్పటికీ కుయ్యోమొర్రో అంటున్నామే, ఆ కుయ్యే. చేదోడు విఫలమైన చోట వాదోడు గజరాజును కాపాడింది. ఆ పద్యం చదివిన ప్రతిసారీ ‘కుయ్యాలించి’ దగ్గర నా గొంతు పూడుకుపోతుంది.

తెనాలి నుంచి:
భావం బాగుంది. కానీ చేదోయి వేరు, చేదోడు వేరు. దోయి అంటే జంట, చేదోయి అంటే రెండు చేతులు. అక్కడ తోడు లేదు.

హైదరాబాద్ నుంచి:
ఒకటే అని నేను అనలేదండీ. పోతన చెవికి ఆ రెండూ దగ్గరగా వినిపించి ఉంటాయి అంటున్నాను.

వరంగల్ నుంచి:
పోతన చెవి సంగతి మమ్మల్ని అడగాలి. ఆయన ఊరు బమ్మెర మాకు పక్కనే.

కడప నుంచి:
ఆయనది ఒంటిమిట్ట అంటాం మేం. అది మాకు పక్కన.

అనకాపల్లి నుంచి:
అందరికీ నమస్కారం. మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను. నానమ్మకు చదువు రాదట. ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు అమ్మే చదివి పెట్టేది, జవాబులు రాసిపెట్టేది. గారెల వాయి దగ్గర నిలబడింది కూడా నిజమేనంది. తాతయ్య ఏది మనసులో పెట్టుకుని రాశారో అమ్మకు తెలియదు.

వరంగల్ నుంచి:
అమ్మా, ఆ ఉత్తరంలో వాదోడు అనే ఉందా, వాతోడు అని ఉందా? పాతవాళ్ల రాతలో ఒక్క అక్షరం చాలు.

అనకాపల్లి నుంచి:
కాగితం మడత సరిగ్గా ఆ అక్షరం మీదే పడిందండీ, సిరా చెదిరింది. ‘వా’ మాత్రం స్పష్టంగా ఉంది. రేపు పొద్దున ఎండలో పెట్టి చూస్తాను.